వైరు చేసే మూడు పనులు: ట్రక్కు వెనక లైటు కథ



ఈ మధ్య ట్రాక్టరు సామాన్ల షాపుల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ ఒక సరుకు బాగా కనపడుతోంది. రెండు లైట్లు, వాటి కింద అయస్కాంతం, లోపల ఛార్జింగ్ బ్యాటరీ, చేతికి ఒక చిన్న రిమోటు. ట్రక్కు వెనక రేకుకి ఆనిస్తే గట్టిగా పట్టుకుంటాయి. ఇంజను మీద కూర్చుని మీట నొక్కితే వెనక అవి కొట్టుకుంటూ వెలుగుతాయి. వైరు లేదు, ప్లగ్గు లేదు. మా ఊళ్లో ఇప్పటికే నలుగురైదుగురు తెచ్చుకున్నారు.

చాలామంది ఇది నిన్నగాక మొన్న పుట్టిన వస్తువు అనుకుంటున్నారు. కాదండీ. వైరు లేకుండా దూరం నుంచి ఒక బండి మీద దీపాన్ని వెలిగించి, ఆర్పి, జనం ముందు చూపించింది 1898లో. అంటే 125 ఏళ్లు దాటిపోయింది. మరి అప్పుడే అయిన పని మన ట్రక్కు వెనక్కి రావడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది? ఆ సంగతి తెలిస్తే, ఈ సరుకు కొనేటప్పుడు ఏం చూసుకోవాలో కూడా తెలుస్తుంది. పోస్టు కాస్త పొడుగే, భోంచేసి తీరిగ్గా చదవండి.

ముందు మన బాధ ఏందో చెప్పుకుందాం. కారుకి ఈ బాధ లేదు, లారీకీ అంతగా లేదు. ట్రాక్టరుకే ఉంది. ఎందుకంటే మనది రెండు ముక్కల బండి. ఇంజను ఒకటి, ట్రక్కు ఒకటి. కరెంటు ఇంజను దగ్గర ఉంటుంది, వెలగాల్సిన దీపం ట్రక్కు తోక దగ్గర ఉంటుంది. మధ్యలో కొక్కెం దగ్గర ఒక ప్లగ్గు. కొత్తలో అన్నీ బాగానే వెలుగుతాయి. రెండు సీజన్లు తిరిగేసరికి ఆ ప్లగ్గులో మట్టి చేరుతుంది, పిన్నులు చిలుమెక్కుతాయి. కొట్టంలో పెట్టిన ట్రక్కు వైరు ఎలుకలు కొరుకుతాయి. మలుపు తిప్పేటప్పుడో, జాకీ ఎత్తి మట్టి పోసేటప్పుడో వైరు లాగుకుని తెగుతుంది. పైగా మనలో ఎంతమంది సొంత ఇంజనుకి సొంత ట్రక్కే తగిలిస్తున్నాం చెప్పండి? ఒకరి ఇంజను, ఇంకొకరి ట్రక్కు. ఆ ప్లగ్గుకి ఈ ప్లగ్గు కుదరదు. "ఈ ఒక్క పూటకే కదా" అని వైరు చుట్టి కొక్కేనికి తగిలించి పోతాం. ఆ ఒక్క పూట ఏడాదంతా నడుస్తుంది.

వెనక దీపం వెలుగుతోందో లేదో తోలేవాడికి కనపడదు, అదీ అసలు సంగతి. వరిగడ్డి ఎత్తితే గడ్డి వేలాడి లైట్లని మూసేస్తుంది. మా వైపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు పోయేది రాత్రిపూటే. తెల్లారేసరికి యార్డులో ఉండాలిగా. చీకట్లో, నల్లటి తారు మీద, నల్లటి ట్రక్కు.

మా చిన్నప్పుడు ఎడ్లబండి ఇరుసు కింద హరికెన్ లాంతరు కట్టేవాళ్లు. మిణుకు మిణుకుమంటూ ఊగుతూ పోయేది. ఆ దీపానికి వైరు లేదు, నూనె దానిలోనే ఉంది. బండి ఆగినా, ఎడ్లని విప్పినా అది వెలుగుతూనే ఉండేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనికి మళ్లీ వస్తా.

రెండేళ్ల కిందట మా పక్క ఊరి దగ్గర గడ్డి ట్రక్కు టైరు పంచరైంది. మనం ఏం చేస్తాం? కొక్కెం విప్పి, చక్రం ఊడదీసి, ఇంజను మీద వేసుకుని పంచరు షాపుకి పోతాం. ఆ కుర్రాడూ అదే చేశాడు. వెనక నాలుగు రాళ్లు పెట్టి, కంపమండ ఒకటి వేసి పోయాడు. ట్రక్కుకి లైట్లు ఉన్నాయండీ, మంచివే ఉన్నాయి. కానీ ఇంజను పోయాక వాటికి కరెంటు ఎక్కడిది? అరగంటలో బైకు మీద వచ్చిన ఒక పిల్లవాడు నేరుగా వచ్చి తగిలాడు. డిగ్రీ చదివే పిల్లవాడు. ఇక్కడ తప్పు ఎవరిదని రాయబోవడం లేదు. అత్యవసరమైన దీపం సరిగ్గా అత్యవసరం వచ్చిన గంటలోనే ఆరిపోయేట్టు మన బండి కట్టుబడి ఉంది, అది చెబుతున్నా.

ఒక చిన్న లెక్క. గంటకి 80 కిలోమీటర్ల మీద వచ్చే కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. ముందు ఆగిపోయిన ట్రక్కు వంద మీటర్ల దూరంలో కనపడితే, వాడికి ఉన్న టైము నాలుగున్నర సెకన్లు. ట్రక్కు 25 మీద కదులుతూ ఉంటే ఆరున్నర సెకన్లు. యాభై మీటర్లలో కనపడితే అందులో సగం. వాడు చూడాలి, అదేందో పోల్చుకోవాలి, బ్రేకు తొక్కాలి, బండి ఆగాలి. అన్నీ ఆ లోపలే.

ఇప్పుడు వైరు సంగతికి వద్దాం. ట్రక్కు దాకా పోయే ఆ వైరు ఏం పని చేస్తుంది అంటే అందరం "కరెంటు మోస్తుంది" అంటాం. నిజానికి అది మూడు పనులు చేస్తుంది. వెలుగు అన్న మన మాటని తీసుకుపోతుంది. వెలగడానికి కావలసిన కరెంటు తీసుకుపోతుంది. మూడోది, వెలిగిందో లేదో అన్న కబురు మనకి తిరిగి తెస్తుంది. ఈ మూడో పని ఎట్టా అనేది ముందు చెబుతా. వైర్లెస్ చరిత్ర అంటే ఈ మూడు పనుల్నీ ఒక్కొక్కటిగా వైరు నుంచి ఊడదీసిన చరిత్రే అని నాకు అనిపిస్తుంది.

మొదటి పని ముందు ఊడింది. 1887, 88 సంవత్సరాల్లో జర్మనీలో హైన్రిష్ హెర్ట్జ్ అనే ఆయన, ఒకచోట విద్యుత్తు రవ్వ పుట్టిస్తే వైరు సంబంధం లేకుండా ఇంకోచోట రవ్వ పుడుతుందని చూపించాడు. ఇప్పుడు రేడియో మీద, రిమోటు మీద మెగాహెర్ట్జ్ అని రాస్తారే, అది ఆయన పేరే. 1895 ప్రాంతంలో కలకత్తా టౌన్ హాల్లో మన జగదీశ్ చంద్రబోసు అవే తరంగాల్ని గోడల అవతలికి పంపి గంట మోగించాడు, తుపాకిమందు పేల్చాడు. లెఫ్టినెంట్ గవర్నరు అలెగ్జాండర్ మెకంజీ ఎదురుగానే ఉన్నాడు, తరంగాలు ఆయన ఒంట్లోంచి కూడా దూసుకుపోయాయి. దూరం నుంచి, వైరు లేకుండా, ఒక వస్తువు చేత పని చేయించడం మన దేశంలో అప్పుడే జరిగింది. స్కూల్లో మనకి బోసు అంటే మొక్కలకి ప్రాణం ఉందని చెప్పినాయన అని మాత్రమే నేర్పారు, ఇది నేర్పలేదు.

ఆ తర్వాత 1898, న్యూయార్కు, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. విద్యుత్ ప్రదర్శన జరుగుతోంది. నికోలా టెస్లా అక్కడ ఒక నీళ్ల తొట్టి కట్టించి, అందులో మూడు నాలుగడుగుల ఇనుప పడవ ఒకటి వదిలాడు. పడవలో మనిషి లేడు. బ్యాటరీ ఉంది, మోటార్లు ఉన్నాయి, పైన కడ్డీలకి చిన్న దీపాలు ఉన్నాయి. టెస్లా ఒడ్డున పెట్టె దగ్గర నిలబడి మీట తిప్పితే పడవ కదిలేది, ఆగేది, మలుపు తిరిగేది, దీపాలు వెలిగి ఆరేవి. జనం నోళ్లు తెరిచారు. లోపల తర్ఫీదు ఇచ్చిన కోతి ఉందని కొందరు, మంత్రమని కొందరు అనుకున్నారట. 64కి ఘనమూలం ఎంత అని అడిగితే దీపం నాలుగుసార్లు మిణికిందని కూడా చెబుతారు. మిణికించింది టెస్లాయే, పడవకి లెక్కలు వచ్చి కాదు.

అంటే రిమోటుతో నడిచిన మొట్టమొదటి బండి మీదే రిమోటుతో కొట్టుకునే దీపం ఉంది. అదే ఏడాది నవంబరు 8న ఆయనకి పేటెంటు కూడా వచ్చింది, నంబరు 6,13,809.

ఆ పడవ లోపల ఎట్టా పని చేసేదో చెప్పాలి, ఎందుకంటే మన చేతిలో రిమోటులో ఇప్పటికీ దాని చాయ ఉంది. లోపల లోహపు రజను నింపిన ఒక గొట్టం ఉండేది. మామూలప్పుడు ఆ రజనులోంచి కరెంటు పోదు. తరంగం తగలగానే రజను ఒకదానికొకటి అతుక్కుని కరెంటు పోనిస్తుంది. మళ్లీ దాన్ని వదులు చేయకపోతే రెండో కబురు అందదు. అందుకని టెస్లా ఆ గొట్టం ప్రతిసారీ తలకిందులయ్యేలాగ గడియారపు యంత్రం పెట్టాడు. కబురు అందిన ప్రతిసారీ ఒక పళ్ల చక్రం ఒక్క మెట్టు తిరిగేది. ఒక మెట్టుకి ఎడమ, ఇంకో మెట్టుకి ఆగు, ఇంకో మెట్టుకి కుడి. అన్నిటికీ ఒకే కబురు, వరస మాత్రం చక్రంలో ఉంది. మన టార్చిలైటు చూడండి, ఒకసారి నొక్కితే పెద్ద వెలుగు, రెండోసారి చిన్న వెలుగు, మూడోసారి కొట్టుకుంటుంది, నాలుగోసారి ఆరుతుంది. అదే పద్ధతి. దీంట్లో చిక్కు ఏందంటే ఒక్క కబురు మధ్యలో పోయిందనుకోండి, మీరు కొట్టుకుంటోంది అనుకుంటారు, అక్కడ అది ఆరిపోయి ఉంటుంది.

టెస్లా ఈ పడవని అమెరికా నౌకాదళానికి ఇవ్వాలని చూశాడు. అప్పట్లో వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

సరే, మాట మోసే పని వైరు నుంచి 1898లోనే పోయింది. మరి మన ట్రక్కుకి ఎందుకు రాలేదు? రెండో పని వల్ల. పాత ఇండికేటరు బల్బు 21 వాట్లు. 12 వోల్టుల మీద ఒక్కొక్కటి ఒకటిముప్పావు ఆంపియరు తాగుతుంది. మందు కొట్టే బ్యాటరీ పంపు మీ అందరి దగ్గరా ఉంది, దాంట్లో సాధారణంగా 12 వోల్టులు, 8 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. రెండు బల్బుల్ని దానికి తగిలించి కొట్టుకోనిస్తే, సగంసేపు ఆరి ఉంటాయి కాబట్టి, నాలుగున్నర గంటలు వస్తుంది లెక్క ప్రకారం. నిజంగా అంత కూడా రాదు. అంటే రెండు దీపాల కోసం పంపు బ్యాటరీ అంత బరువు ట్రక్కు వెనక కట్టాలి, రోజూ దించి ఛార్జింగ్ పెట్టాలి. ఎవడు చేస్తాడు? మాట గాల్లో పోగలదు, కరెంటు గాల్లో పోలేదు. కాబట్టి వైరు ఉండిపోయింది.

ఈ ముడి విప్పింది ఎల్ఈడీ. 1962లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ కంటికి కనపడే ఎర్ర ఎల్ఈడీ చేశాడు. తర్వాత 1968లో వాటిని పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టిన కంపెనీ ఏదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మోన్‌శాంటో. అవునండీ, మన బీటీ పత్తి విత్తనాల మోన్‌శాంటోయే. ఆ కంపెనీ అప్పట్లో రసాయనాల కంపెనీ, ఎల్ఈడీకి కావలసిన పదార్థాలు కూడా చేసేది. 1972లో ఆ కంపెనీలోనే పనిచేసే జార్జి క్రాఫర్డ్ అనే ఆయన మొదటి పసుపు ఎల్ఈడీ చేశాడు. మన ట్రక్కు వెనక కొట్టుకునే పసుపు దీపానికి తాత అదే. విత్తనాల విషయంలో ఆ కంపెనీతో మన రైతులకి ఉన్న గొడవలు ఇంకో పోస్టుకి సరిపడా ఉన్నాయి, ఇక్కడ వద్దు.

ఆ తొలి ఎల్ఈడీలు మిణుగురు పురుగులంత. లెక్కల యంత్రం మీద అంకెలు చూపించడానికి సరిపోయేవి, రోడ్డు మీద పనికి రావు. 1990ల్లో ఎరుపు, పసుపు రంగుల్లో బాగా వెలిగేవి వచ్చాయి. 1993లో జపాన్‌లో షూజి నకమురా బాగా వెలిగే నీలం ఎల్ఈడీ చేశాడు, దాని వల్లే ఇవాళ ఇంట్లో తెల్ల బల్బులు. అందుకు 2014లో ఆయనకీ, ఇంకో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇటు బ్యాటరీ వైపు 1991లో సోనీ కంపెనీ లిథియం అయాన్ బ్యాటరీ అమ్మకానికి తెచ్చింది. ఈ రెండూ కలిసేసరికి, 21 వాట్లు తాగే చోట రెండు మూడు వాట్లు చాలాయి, బ్యాటరీ అరచేతిలో పట్టింది. అప్పుడు వైరు రెండో పని కూడా ఊడిపోయింది. నూనె తనలోనే ఉన్న లాంతరు మళ్లీ బండి వెనక్కి వచ్చింది అనుకోండి. ఇంజను విప్పుకుని పంచరు షాపుకి పోయినా అది వెలుగుతుంది. ఈ సరుకు మంచిదని నేను అనేది ఈ ఒక్క కారణానికే. ప్లగ్గు పీకే శ్రమ తప్పిందని కాదు.

ఇక మూడో పని. కొట్టుకునే ఇండికేటరు 1939లో బ్యూక్ కార్లకి కంపెనీ నుంచే వచ్చింది. దాంట్లో, ఆ తర్వాత మన పాత ట్రాక్టర్లలో కూడా, ఫ్లాషర్ అని ఒక డబ్బీ ఉంటుంది. లోపల వేడికి వంగే రేకు. కరెంటు పోతే రేకు వేడెక్కి వంగుతుంది, అతుకు విడిపోతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. మనకి వినపడే టక్ టక్ అదే. బల్బు ఒకటి పోయిందనుకోండి, అందులోంచి పోయే కరెంటు తగ్గుతుంది, రేకు వేడెక్కే తీరు మారుతుంది, ఆ టక్ టక్ లయ మారిపోతుంది, లేకపోతే ఆగిపోతుంది. పాత డ్రైవర్లు చెవితోనే చెప్పేవాళ్లు, "వెనక బల్బు పోయినట్టుందిరా" అని. ఎవరూ కావాలని పెట్టిన ఏర్పాటు కాదు, వైరు ఊరికే తెచ్చిన కబురు.

వైరు తీసేయగానే ఆ కబురు పోయింది. రిమోటు నొక్కుతారు. రిమోటు మీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. అది "నేను చెప్పాను" అని మాత్రమే అంటుంది. వెనక లైటు విన్నదా, దాని బ్యాటరీలో ఛార్జింగ్ ఉందా, అది ఇంకా ట్రక్కుకి అంటుకునే ఉందా, గతుకులో ఊడి కాలవలో పడిందా, ఇదేమీ దానికి తెలియదు. మన బోరు మోటార్లకి పెట్టే ఫోను స్టార్టరు ఎంత నయం! ఫోను చేస్తే మోటారు ఆన్ అయిందని తిరిగి మనకి చెబుతుంది, కరెంటు లేకపోతే లేదని చెబుతుంది. రెండూ వైర్లెస్సే. ఒకటి జవాబు చెప్పేది, ఒకటి చెప్పనిది.

రిమోటుకి ఇంకో పాత జబ్బు ఉంది, ఎవరు చెప్పినా వినడం. 1955లో అమెరికాలో జెనిత్ కంపెనీ వాళ్లు టీవీకి వైరు లేని రిమోటు చేశారు. చేసినాయన యూజిన్ పోలీ. అది టార్చిలైటు లాంటిది, టీవీ నాలుగు మూలల్లో వెలుగు పసిగట్టే కళ్లు. ఏ మూల మీద వెలుగు వేస్తే ఆ పని. బాగానే ఉంది కానీ సాయంత్రం కిటికీలోంచి ఎండ పడితే టీవీ దానంతట అదే ఛానలు మారేది. మరుసటి ఏడాది 1956లో రాబర్ట్ ఆడ్లర్ అదే కంపెనీకి ఇంకోటి చేశాడు. మీట నొక్కితే లోపల సుత్తి లాంటిది అల్యూమినియం కడ్డీని కొడుతుంది, మనిషి చెవికి అందని శబ్దం పుడుతుంది, టీవీ ఆ శబ్దాన్ని వింటుంది. బ్యాటరీయే అక్కర్లేదు. దానికీ చిక్కు వచ్చింది, చిల్లర డబ్బులు గలగలలాడినా ఒక్కోసారి టీవీ ఉలిక్కిపడేది.

1982లో ఫ్రాన్స్‌లో రెనో వాళ్లు ఫ్యూగో అనే కారుకి రిమోటు తాళం పెట్టారు. అక్కణ్ణుంచి ఇది సరదా సమస్య కాదు, దొంగల సమస్య. రిమోటు ప్రతిసారీ ఒకటే అంకె పంపితే, పక్కన నిలబడి ఆ అంకె పట్టుకున్నవాడు తర్వాత వచ్చి కారు తెరుచుకుంటాడు. అందుకని దక్షిణాఫ్రికా ఇంజనీర్లు 1980ల్లో కీలాక్ అనే పద్ధతి కట్టారు. నొక్కిన ప్రతిసారీ అంకె మారుతుంది, రిమోటుకీ బండికీ మాత్రమే తర్వాతి అంకె తెలుసు. 1995లో అమెరికాలో మైక్రోచిప్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2008లో జర్మనీ పరిశోధకులు దాన్ని కూడా ఛేదించారనుకోండి, అది వేరే సంగతి.

చవక రకం లైట్ల రిమోట్లలో చాలావాటికి ఈ మార్పు అంకె ఉండదు. 433 మెగాహెర్ట్జ్ మీద ఒకే అంకె పంపేవి ఎక్కువ. మీ లైట్లని ఎవడో దొంగ వచ్చి ఆర్పుతాడని నేను అనను, వాడికేం పని? కానీ ఒకే అంకెతో తయారైన సెట్టు మీరొకటి, మీ బావమరిది ఒకటి కొన్నారనుకోండి. మిల్లు దగ్గర లైనులో ఇద్దరి ట్రక్కులూ ఉన్నాయి. ఆయన తన లైట్లు ఆర్పుకుంటే మీవి కూడా ఆరతాయి. ఆయనకి తెలియదు, మీకూ తెలియదు. కొన్ని సెట్లలో కొత్త రిమోటుని లైటుకి నేర్పించే మీట ఉంటుంది, అది ఉన్నది చూసి తీసుకోండి. ఇద్దరు కలిసి కొంటే షాపులోనే పక్కపక్కన పెట్టి ఒకదాని రిమోటుతో రెండోది వెలుగుతుందేమో చూడండి. రెండు నిమిషాల పని.

ఇంకో దారిలో ఆలోచించినాయన గురించి కూడా చెప్పాలి. 1960ల మొదట్లో అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీలో కెన్ హార్క్‌నెస్ అనే వ్యవసాయ ఇంజనీరు, నెమ్మదిగా పోయే ట్రాక్టర్లని కార్లు వెనకనుంచి గుద్దడం మీద పనిచేశాడు. రోడ్డు నమూనా కట్టి రకరకాల ఆకారాలు, రంగులు పరీక్ష పెట్టాడు. మూలలు కోసిన ఒక త్రికోణం తేలింది. మధ్యలో మెరిసే నారింజ రంగు, చుట్టూ వెలుగు పడితే తిప్పికొట్టే ఎర్ర అంచు. పగలు నారింజ కనపడుతుంది, రాత్రి అంచు కనపడుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, చెప్పేవాడు అక్కర్లేదు, వినేది లేదు. ఎదుటివాడి లైటే దానికి నూనె. 1971 నాటికి అది అమెరికా జాతీయ ప్రమాణం అయింది. దాని మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. గుర్రపు బండ్ల మీద తిరిగే ఆమిష్ అనే మతస్థులు అంత ఆడంబరపు రంగు మా బండికి వద్దన్నారు. 1990లో మిన్నెసోటా సుప్రీంకోర్టు వాళ్లకి వెండిరంగు మెరిసే పట్టీ, ఎర్ర లాంతరు చాలని తీర్పు ఇచ్చింది. రంగు వద్దన్నారే గానీ కనపడటం వద్దనలేదు వాళ్లు కూడా.

మనం రేడియం స్టిక్కర్ అంటామే, అది ఈ జాతిదే. అందులో రేడియం ఏమీ లేదు, సన్నటి గాజు పూసలో, గాజు లాంటి పలకలో ఉంటాయి, పడిన వెలుగుని వచ్చినవైపే తిప్పి పంపుతాయి. పాత గడియారాల ముళ్లకి పూసిన నిజం రేడియం పేరు దీనికి అంటుకుపోయింది. ఎడ్ల కొమ్ములకి కూడా కడుతున్నాం కదా. ట్రక్కు వెనక వెడల్పంతా వచ్చేలాగ, గడ్డి వేలాడినా మూసుకోని చోట అంటించండి, నెలకోసారి మట్టి తుడవండి. లైటు బ్యాటరీ అయిపోయిన రాత్రి మిగిలేది అదొక్కటే.

రంగుల గురించి ఒక హెచ్చరిక. కుర్రాళ్లు పోలీసు బండి లాగ ఎరుపు, నీలం కొట్టుకునేవి తెస్తున్నారు, రిమోటుతో పది రకాలుగా మారుతున్నాయి, చూడ్డానికి జాతరలా ఉంటుంది. ఎర్రబుగ్గ మంత్రులకే వద్దని 2017 మే 1 నుంచి కేంద్రం తీసేయించింది. అట్లాంటి రంగులు అంబులెన్సు, ఫైరింజను లాంటి బండ్లకి. మన ట్రక్కు మీద అవి కొట్టుకుంటే వెనకవాడు ముందు ఏదో అంబులెన్సు పోతోంది, దాని దారిన అది పోతుందిలే అనుకుంటాడు, నెమ్మదిగా పోయే ట్రక్కు అనుకోడు. పసుపు తీసుకోండి. ఇంజను టాపు మీద గిరగిరా తిరిగే లైటు పెట్టాలనుకుంటే మాత్రం ముందు రవాణా ఆఫీసులో అడిగి పెట్టండి, ఫైను కట్టి తీసేయడం కన్నా అది చవక.

ఇంకొక మాట. అయస్కాంతం ఇనుముకే అంటుకుంటుంది. చెక్క తలుపుల ట్రక్కులు, అల్యూమినియం రేకు ఉన్నవాళ్లు ఇంటిదగ్గరే చూసుకోండి, లేకపోతే ఒక ఇనుప పట్టీ బోల్టు వేయించండి. మట్టి పేరుకున్న రేకు మీద పెట్టకండి, తుడిచి పెట్టండి. సన్న తాడుతో కొక్కేనికి కట్టి ఉంచండి, ఊడినా వేలాడుతుంది. రోడ్డెక్కే ముందు మీట నొక్కి, ఇంజను దిగి వెనక్కి పోయి కళ్లతో చూడండి. వైరు తెచ్చే కబురు ఇప్పుడు మన కాళ్లే తేవాలి. పంచరు షాపుకి పోయేటప్పుడు రిమోటు జేబులో వేసుకుపోతారు కదా, ముందు లైటు వెలిగించి పోండి, షాపు దగ్గరనుంచి నొక్కితే అందదు. రెండు నిమిషాలు నిలబడి చూసి పోండి, కొన్ని లైట్లు బ్యాటరీ మిగల్చడానికి కాసేపటికి వాటంతట అవే ఆరిపోయేట్టు చేసి ఉంటాయి.

నేను మా ట్రక్కుకి వైరు లైట్లు తీసేయలేదు. ప్లగ్గు పిన్నులు ఉప్పుకాగితంతో రుద్ది, పైన పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగా. అయస్కాంతం లైట్లు రెండూ సీటు కింద డబ్బాలో ఉంటాయి, మిర్చి సీజన్లో ప్రతి ఆదివారం ఛార్జింగ్ పెడుతున్నాం. మా అబ్బాయి డబ్బా మూత మీద తారీఖు రాస్తున్నాడు.